మోచేతుల దాకా నీళ్ళలో

ఇంకా నయం జుట్టు విరబోసుకున్నాను, లేకపోతే వాచిన చెవి అందరికీ కనిపించేది, కెమెరా వెనకనుంచి త్వాన్ అన్న ఏం చెల్లెమ్మా ఇవాళ సినిమాతారలా జుట్టు వదిలేశావ్ అన్నాడు, తలస్నానం చేశానన్నా ఇంకా ఆరలేదు అన్నాను, చేతిలో డ్రయర్ పట్టుకుని జుట్టు ఆరలేదనే ఆడది ఈ సైగాన్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను, త్వాన్ అన్న నవ్వాడు, వాడూ నవ్వాడు, వాడంటే ఖోయ్, నా మొగుడు, పైకి బావా అంటాను, లోపల వాడంటాను, లోపల ఇంకా చాలా అంటాను, పొద్దున్నే ఈ చేపల తొట్టి కింది అలమార తలుపుకేసి నా తల కొట్టిన మనిషి ఇప్పుడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు చూడు, వాడి మొహం మండ, డ్రయర్ గుయ్యిమంటోంది చెవి గుయ్యిమంటోంది ఏది ఏదో తెలీడం లేదు, స్టూలు మీద నిలబడి తొట్టి మీదకి వంగి నీళ్ళ మీదకి గాలి కొడుతున్నాను, ఎందుకంటే అల కావాలిట, సన్నటి అల, అల లేకపోతే ఫోటోలో నీళ్ళు చచ్చినట్టు పడుంటాయిట, అల ఉంటే పైనించి పడే వెలుగు విరిగి రాళ్ళ మీద ఆడుతుందిట, తొట్టిలో తోటలు పెంచే ప్రతి మగాడూ పోటీకి ఫోటో పంపే రోజున పెళ్ళాం డ్రయర్ వెతుకుతాడు, వెతికి పెళ్ళాం చేతికే ఇస్తాడు, ఏడాదికోసారి ఆ పెళ్ళానికి దొరికే గౌరవం అది.

ఉక్క, ఒళ్ళంతా జిగట, ఫోటోలో నీడలు పడకూడదని ఇంటి ముందు షట్టరు దించేశారు, మోటారుసైకిళ్ళు సందులోకి తోసేశారు, ఫ్యాను కట్టేశారు, అత్తమ్మ మెట్ల మీద కూర్చుని పంపరపనస ఒలుస్తోంది, ఆ వాసన ఒకటే ఈ గదిలో బాగున్నది, తొట్టిలో నీళ్ళు తిప్పే మోటారు కూడా ఆపేశారు, ఆ గొట్టాలు ఫోటోలో కనబడకూడదుగా, మొక్కలు పీల్చే బొగ్గుపులుసు గ్యాస్ మాత్రం పొద్దున్నించీ వదిలేసి ఉంది, మామూలు కంటే ఎక్కువ, ఎందుకంటే గ్యాస్ ఎక్కువ తాగిన మొక్క లైటు కింద ఆకు ఆకుకీ ముత్యంలా బుడగ పెడుతుంది, ఆ ముత్యాల కోసం చేపల పీకలు నొక్కుతున్నారు, నేను పైనించి చూస్తున్నాను కాబట్టి నాకు కనబడుతోంది, ఎర్రమూతి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తూ గాలి కోసం కొట్టుకుంటున్నాయి, నా గాలికేనేమో, తొట్టి మూల అద్దానికి అంటించిన చిన్న గాజు బుడ్డిలో మందునీళ్ళు నీలంగా ఉంటే గ్యాస్ తక్కువని, ఆకుపచ్చగా ఉంటే సరిపోయిందని, పసుపైతే చేపలకి మూడిందని నాకు నేర్పింది వీడే, ఇప్పుడది నిమ్మకాయలా పసుపు, బావా బుడ్డి పసుపయిందీ అన్నాను మెల్లిగా, నోర్మూసుకుని గాలి కొట్టు అన్నాడు పెదాలు కదపకుండా, త్వాన్ అన్నకి వినబడకుండా పెదాలు కదపకుండా తిట్టడం ఒక విద్య, అందులో పోటీ పెడితే వీడికి తిరుగులేదు.

వెలుగు పెంచితే గ్యాస్ పెంచాలి, గ్యాస్ పెంచితే ఎరువు పెంచాలి, మూడింట్లో ఏ ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా పాచి పడుతుంది, పాచి పడిందని పాచిని తిట్టకు మియెన్, అది దాని తప్పు కాదు, నువ్వెక్కడో కొలత తప్పావు, అది వెతుక్కో అనేవాడు పెళ్ళైన కొత్తలో, వెనకనించి వచ్చి నా చేతిమీద చెయ్యేసి ఎరువు చుక్కలు వేయించేవాడు, ఇనుము మందు వేస్తే మొక్కలు ఎర్రబడతాయి చూడు, నీ బుగ్గల్లాగే అనేవాడు, నాకు అప్పుడు ఒళ్ళంతా పులకరించేది సిగ్గులేకుండా, మొదటిసారి కొట్టినప్పుడు కూడా నేనదే చేశాను, కొలత వెతుక్కున్నాను, మా సందులో అందరూ సాయంత్రమైతే స్పీకరు బయటపెట్టి పాడతారు, నేనూ పాడేదాన్ని, నా గొంతు బాగుంటుంది, గొప్పకి చెప్పడం లేదు, ఎదురింట్లో సారా అమ్మే ముసలాయన కూడా ఏడ్చేవాడు నా పాటకి, ఆ రోజు వీడు ఇంటికొచ్చేసరికి నేను మైకు పట్టుకుని ఉన్నాను, అన్నం వండలేదు, లోపలికి పిలిచి కొట్టాడు, సరే, పాట ఎక్కువైందేమో అనుకున్నాను, తగ్గించాను, తర్వాత మా అక్క రావడం ఎక్కువైందేమో అనుకున్నాను, అక్కని రావద్దన్నాను, లిప్‌స్టిక్ ఎక్కువైందేమో, పులుసులో చింతపండు ఎక్కువైందేమో, ఫోను ఎక్కువైందేమో, తగ్గించాను తగ్గించాను తగ్గించాను, అత్తమ్మ కూడా అదే చెప్పింది, వాడి తండ్రిదీ ఇదే తీరేనే, వాడు గుమ్మంలోకి రాగానే మొహం చూడు, మొహం బాగోకపోతే టీవీ తగ్గించెయ్, పిల్లని పైకి పంపెయ్, అన్నం ముందు పెట్టి నోరు మెదపకు, మగవాడి కోపం వర్షంలాంటిదే తల్లీ, మనమే బట్టలు ముందుగా లోపల వేసుకోవాలి అంది, ఎంత బాగా చెప్పింది, నా బట్టలన్నీ లోపలే ఉన్నాయి, నేనూ లోపలే ఉన్నాను, అయినా తడుస్తూనే ఉన్నాను.

కొట్టాక వాడు ఏడుస్తాడు, అదొకటి, చెరకురసం కొనుక్కొచ్చి ఐసు కరిగిపోతుంటే నా పక్కన కూర్చుని ఏడుస్తాడు, నాకు కళ్ళు కనబడలేదు మియెన్, రక్తం తలకెక్కేసింది, చెయ్యి దానంతటదే లేచిపోయింది, ఆపుకోలేకపోయాను అంటాడు, నేను నమ్ముతాను, నా బొంద, వాడి కన్నీళ్ళు నేనే తుడుస్తాను, ఆపుకోలేకపోయాడు పాపం అని నేనే అత్తమ్మకి చెప్తాను, నా కూతురికి, మా రొయ్యపిల్లకి చెప్తాను, దానికి అయిదేళ్ళు, నాన్నకి కోపం వచ్చినప్పుడు నాన్న లోపల ఒక స్విచ్చు పడిపోతుందమ్మా, నాన్నకి తెలీదు అని చెప్పాను దానికి, అది అప్పుడేం చేసిందంటే, ఛీ, మొన్న బడినించి వస్తూ పాట పాడుతోంది, సందు మలుపు తిరగ్గానే, ఇల్లు కనబడగానే, దానంతటదే గొంతు తగ్గించుకుంది, ఎవరూ చెప్పలేదు, నేను చెప్పలేదు, నోరు కదులుతోంది పాట లేదు.

పొద్దున్న రొయ్యపిల్లని బడిలో దింపి రావడానికి ఆలస్యమైంది, వానకి సందు చివర నీళ్ళు నిలిచాయి, బండి తోసుకుంటూ వచ్చాను, తొట్టి మీద లైటు వెలిగే లోపల గ్యాస్ తెరిచి పెట్టమన్నాడు, లైటు దాని గడియారం ప్రకారం వెలిగిపోయింది, గ్యాస్ నేనొచ్చి తెరిచాను, అంతే, అంతే నేను చేసిన ఘోరం, మోకాళ్ళ మీద కూర్చుని అలమారలో తల పెట్టి సిలిండరు మర తిప్పుతున్నాను, వెనకనించి జుట్టు పట్టుకున్నాడు, తలుపు అంచుకేసి కొట్టాడు, ఒకసారి, ఆగి మళ్ళీ ఒకసారి, ముత్యాలు రాకపోతే నీ అంతు చూస్తానే, నాలుగు నెలలు పెంచాను ఈ తోటని, నాలుగు నెలలు, నీకు పట్టదే అన్నాడు, నెత్తురు రాలేదు, రాకుండా ఎలా కొట్టాలో వాడికి తెలుసు, చెవిలో మాత్రం ఏదో టప్‌మంది, అప్పట్నించీ ఈ గుయ్యి, షట్టరు మీద త్వాన్ అన్న దబదబా కొట్టాడు, రా అన్నా రా, కాఫీ తాగుతావా అని వాడు తలుపు తీశాడు, నేను లేచి ఐసు తీసి కాఫీ కలిపాను, పాలు ఎక్కువ పోశాను, త్వాన్ అన్నకి అలాగే ఇష్టం.

ఇదిగో ఇప్పుడు ప్రాణం పోయినట్టు అరిచాడు వాడు, అయ్యో మొక్క లేచిపోయింది, ఎర్రమొక్కల గుత్తిలోంచి ఒక కాడ ఊడి పైకి తేలింది, సరిగ్గా మధ్యలో, త్వాన్ అన్నా ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అని చేతులు రెండూ తొట్టిలో పెట్టేశాడు, మోచేతుల దాకా, ఒక చేత్తో పట్టకారు, ఒక చేత్తో మట్టి ఎత్తి పట్టుకున్నాడు, డ్రయర్ ఆపనా బావా అన్నాను, ఆపకు, ఆపితే అల పోయి మళ్ళీ కుదరడానికి యుగం పడుతుంది, బుడగలు రాలిపోతాయి, కొడుతూనే ఉండు అన్నాడు, త్వాన్ అన్న కూడా అవును చెల్లెమ్మా అలాగే ఉంచు, వెలుగు ఇప్పుడు భలే పడుతోంది అన్నాడు, ఒక్కడికీ బుర్ర లేదు, వీళ్ళందరూ ఇంతే, గుమ్మం దాటేటప్పుడు వందసార్లు బండి బ్రేకులు చూసుకునే మగాళ్ళు తొట్టి ముందుకొస్తే ఒళ్ళు మర్చిపోతారు, కరెంటు తీగ నా భుజం మీదుగా గోడకి ఉంది, డ్రయర్ నా చేతిలో ఉంది, వాడు చెప్పులు లేకుండా తడినేల మీద ఉన్నాడు, నేను ప్లాస్టిక్ స్టూలు మీద ఉన్నాను, నేనేమీ చెయ్యక్కర్లేదు.

నేనేమీ చెయ్యక్కర్లేదు, చెయ్యి వదిలేస్తే చాలు, ఎత్తక్కర్లేదు తొయ్యక్కర్లేదు కొట్టక్కర్లేదు, జారిపోయింది అంటాను, చెయ్యి చెమటపట్టింది అంటాను, అందరికీ తెలుసు ఉక్క ఎలా ఉందో, దానంతటదే జారిపోయింది, ఆపుకోలేకపోయాను, వాడి మాటలే, వాడి చెరకురసం మాటలే నేనూ అంటాను, నీళ్ళలో ఒక్క మెరుపు, వాడి నోరు తెరుచుకుంటుంది, ఆ చేపల్లాగే, తెరుచుకుంటుంది మూసుకోదు, అమ్మో నాకు ఎంత హాయిగా ఉంది ఇది అనుకుంటుంటే, ఒంట్లో ఒక్కో ముడీ ఊడుతున్నట్టు, వాడి చేతులు పడిపోను అని ఎన్నిసార్లు తిట్టుకున్నాను లోపల, ఇప్పుడు పడిపోతాయి, నిజంగా పడిపోతాయి, ఆ వేళ్ళు చూడు, ఆ పట్టకారు చూడు, పురుడుపోసే మంత్రసాని కూడా అంత నెమ్మదిగా పట్టదు, వెంట్రుకంత కాడని నలగకుండా, ఆకు మీద ముత్యం చెదరకుండా మట్టిలోకి దింపుతున్నాడు, రా తల్లీ రా, కూర్చో, అమ్మా బంగారం అలాగే కూర్చో అంటున్నాడు మొక్కతో, మొక్కతో, నా తల్లో జుట్టు పీక్కొచ్చిన వేళ్ళు అవే, రొయ్యపిల్ల రెండేళ్ళప్పుడు నీళ్ళలో రంగుపెన్సిలు పడేసిందని దాని ముంజేయి మెలిపెట్టిన వేళ్ళు అవే, చంపేస్తాను, దేవుడా చంపేస్తాను వీణ్ణి, అత్తమ్మ చూస్తుండగా చంపేస్తాను, ఆవిడ పంపరపనస తొన ఒలుస్తూనే ఉంటుంది, వర్షం పడింది అనుకుంటుంది, త్వాన్ అన్న ఫోటో తీస్తాడు, భలే పడింది వెలుగు అంటాడు, పోలీసులు వస్తారు, రానీ, బడి వదులుతారు, వదిలితే, వదిలితే రొయ్యపిల్ల గేటు దగ్గర నిలబడి చూస్తుంది, ఎవరొస్తారు దానికి, అత్తమ్మ వెళ్ళి తెస్తుంది, అత్తమ్మ పెంచుతుంది దాన్ని, మొహం చూసి టీవీ తగ్గించడం నేర్పుతుంది, ఛీ, మణికట్టు వణుకుతోంది, ఎంతసేపైంది చెయ్యి ఎత్తి పట్టుకుని, వణుకుతోంది, నేను వణికించడం లేదు, వణుకుతోంది.

అల చెదిరిపోయింది, అరె చెల్లెమ్మా గాలి పక్కకి పోతోంది, నీళ్ళు చిందుతున్నాయి చూడు, కిందకి దించేశావ్ అన్నాడు త్వాన్ అన్న కెమెరాలోంచి కన్ను తియ్యకుండా, అవును దిగింది, డ్రయర్ మూతి నీళ్ళకి నాలుగువేళ్ళ ఎత్తులో ఉంది, ఏయ్ దరిద్ర అని తలెత్తాడు వాడు, ఆ మొహం నాకు తెలుసు, నుదుటి మీద ఆ నరం లేచింది, కళ్ళు చిన్నవయ్యాయి, ముక్కు పుటాలు ఉబ్బాయి, అన్నీ వరసగా వచ్చేశాయి, రక్తం తలకెక్కేసింది, స్విచ్చు పడిపోయింది, తర్వాతది దెబ్బే, నా భుజాలు అప్పుడే ముడుచుకున్నాయి అలవాటుగా, ఏయ్ దరిద్ర, అంతే, ఆ మాట అక్కడే ఆగింది, వాడి కళ్ళు డ్రయర్ మీద పడ్డాయి, తీగ మీద పడ్డాయి, నీళ్ళలో ఉన్న తన మోచేతుల మీద పడ్డాయి, తర్వాత నా కళ్ళలోకి వచ్చాయి, చదివేశాడు, అంతా చదివేశాడు, దాచడానికి నేను ప్రయత్నించలేదు కూడా.

ఆ మాట మింగేశాడు, గొంతులో ముడి కిందకి దిగడం నేను చూశాను, నుదుటి మీద నరం నా కళ్ళ ముందే అణిగిపోయింది, మియెన్ అన్నాడు, మెల్లిగా, ఎంత మెల్లిగానో, బంగారం, ఏం పర్లేదు, కంగారు లేదు, చెయ్యి నొప్పెట్టిందా, కొంచెం పైకెత్తు, అలాగే, నెమ్మదిగా, అన్నాడు, చేతులు కదపలేదు, కదిపితే నేను ఉలిక్కిపడతానని కదపలేదు, ఒక్క వేలు కూడా, మాట మీద మాట పడకుండా చుక్క చుక్కగా వేస్తున్నాడు, ఒకటి వేసి నా మొహం చూసి, నీళ్ళ రంగు చూసినట్టు చూసి, ఇంకొకటి వేస్తున్నాడు, అలుపొచ్చిందిలే పాపం, మనం కాసేపు ఆపుదామా, నువ్వేమంటే అదే అన్నాడు, నువ్వేమంటే అదే, ఆరేళ్ళలో మొదటిసారి, పెదాలు కదుపుతూ మరీ చెప్పాడు, త్వాన్ అన్నకి వినబడేలా, నేను వాణ్ణే చూస్తున్నాను, భయపడుతున్నాడు, భయపడినవాడు ఇంత బాగా ఉంటాడా, ఇంత కోపం వచ్చీ, చేతులు ఇరుక్కుపోయీ, పోటీ పోయీ, నాలుగు నెలల తోట నాశనమైపోయీ, ఇంత కోపంలో కూడా ఇంత నెమ్మదిగా.

చెయ్యి పైకెత్తాను, స్విచ్చు నొక్కాను, డ్రయర్ ఆగింది, చెవి ఆగలేదు, గ్యాస్ కట్టెయ్ చేపలు చస్తున్నాయి అన్నాను, నా గొంతే, గదిలో అందరికీ వినబడింది, సరే సరే అన్నాడు, చేతులు మెల్లిగా బయటికి తీసి, తుడుచుకోకుండానే వంగి అలమారలో తల పెట్టి మర తిప్పాడు, త్వాన్ అన్న కెమెరాలోంచి మొహం తీసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, అత్తమ్మ ఏమైందే అంది, ఏం కాలేదత్తమ్మా అనబోయి అనలేదు, జుట్టు చెవి వెనక్కి తోసుకున్నాను, చూడండి అన్నాను, మీ అబ్బాయి పొద్దున్న ఈ తలుపుకేసి కొట్టాడు అన్నాను, త్వాన్ అన్నా నువ్వూ చూడు అన్నాను, స్టూలు దిగాను, ప్లగ్గు పీకాను, బండి తాళం తీసుకున్నాను, షట్టరు ఎత్తాను, ఎంత వెలుతురు, వాడు అలమార దగ్గర అలాగే ఒంగుని మియెన్ ఎక్కడికి అన్నాడు, ఇంకా ఆ మెత్తటి గొంతుతోనే, నేను బడికి వెళ్తున్నాను, అక్కణ్ణించి అక్క దగ్గరికి వెళ్తాను, బండి స్టార్టు చేశాను, సందులో నీళ్ళు ఇంకా ఉన్నాయి, కాళ్ళు ఎత్తి పోనిచ్చాను, తగ్గించినవన్నీ గుర్తొస్తున్నాయి వరసగా, పాట, అక్క, లిప్‌స్టిక్, చింతపండు, వాటిలో దేనికీ సంబంధం లేదు, వర్షం కాదు, పాచి కాదు, పడిపోయే స్విచ్చు కాదు, మాట సగంలో ఆపి మింగాడు, నరం అణిచాడు, వేలు కూడా కదపలేదు, వాడికి ఆపుకోవడం వచ్చు, మొదటిసారి కొట్టిన రోజు కూడా వచ్చు, పొద్దున్న ఒకసారి కొట్టి ఆగి రెండోసారి కొట్టాడే, ఆ ఆగినప్పుడు కూడా వచ్చు, ఆరేళ్ళూ వచ్చు, వాడు కొట్టాలనుకుని కొట్టాడు.